పట్టు ఫోను, కాటన్ ఫోను: ఒక జాకెట్ల టైలరు లెక్క

నేను జాకెట్లు కుడతాను. తిరుపతిలో కొర్లగుంట వైపు మా ఇంటి ముందు గదే నా షాపు. రెండు మిషన్లు, ఒక కటింగ్ టేబులు, గోడ పొడుగునా మేకులకు తగిలించిన ఆది జాకెట్లు. 19 ఏళ్లుగా ఇదే పని. పోయిన ఏడాదిన్నరలో రెండు ఫోన్లు కొన్నాను. రెండింటినీ కత్తెర, టేపు వాడినట్టే రోజుకు పది పన్నెండు గంటలు వాడాను. ఒకటి చూడ్డానికి బాగుంటుంది, ఇంకోటి పనికొస్తుంది అని తేల్చేసుకుని కూర్చున్నదాన్ని, ఈ మధ్య ఒక పెళ్లి ఆర్డరు దగ్గర ఆ లెక్క తప్పింది. అందుకే ఇంత పొడుగున రాస్తున్నా.

కంపెనీల పేర్లు రాయడం లేదు. నేను చెప్పే ఆకారాలు ఏ ఒక్కరి సొత్తూ కావు, ఆ ధరల్లో అందరూ దాదాపు అదే మూసలో పోసి అమ్ముతున్నారు. మా పాప మొదటిదానికి పట్టు ఫోను, రెండోదానికి కాటన్ ఫోను అని పేర్లు పెట్టింది. అవే ఇక్కడా.

ముందు నా దగ్గర ఫోనుకు ఏం పనో చెప్పాలి. పొద్దున షట్టరు ఎత్తగానే రాత్రి వాట్సాప్‌లో వచ్చిన డిజైన్లు చూస్తాను. ఒకరు వీపు మీద ఏనుగుల మగ్గం వర్క్ పంపిస్తారు, ఇంకొకరికి సీరియల్లో కోడలు వేసుకున్న చేతులు కావాలి. కొలతల పుస్తకంలో ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకుంటాను. గుడ్డ కోసేటప్పుడు ఫోనును టేబులు మీద పడుకోబెట్టి, ఎడమచేత్తో గుడ్డ నొక్కిపట్టి, కుడిచేత్తో చాక్ గీస్తూ అంకెలు చూసుకుంటాను. బెంగళూరు, చెన్నై కస్టమర్లతో మెడ లోతు వీడియో కాల్‌లోనే ఖాయం చేసుకుంటాను. దారం రంగు, పైపింగ్ రంగు ఫొటో తీసి పంపి, సరే అన్నాకే కుడతాను. డబ్బులూ ఫోనులోనే. మిషన్ మీద కూర్చుంటే చెవిలో పాటలు ఉండాలి. చేతులకు చాక్ పొడి, మిషన్ నూనె, గుడ్డ నూగు. వేళ్ల కొసల నిండా సూది గాట్లు. చీరకు జేబు ఉండదు కాబట్టి ఫోను ఉండేది టేబులు మీదో, ఒళ్లోనో, నడుం దగ్గర దోపుకున్న చోటో.

ఇదంతా ఎందుకంటే, ఫోను బాగుందా లేదా అన్నది ఎవరి చేతిలో, ఏ పనిలో అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆది జాకెట్టు ఇవ్వకుండా కుట్టమంటే ఎంత మంచి టైలరైనా అంచనాగానే కుడుతుంది.

పట్టు ఫోను కొన్నది శ్రావణమాసం ముహూర్తాల ముందు, గాంధీ రోడ్డులో. 31,000 చిల్లర. వెనకవైపు నెమలికంఠం రంగు గాజు. ఇటునుంచి చూస్తే నీలం, అటునుంచి చూస్తే ఆకుపచ్చ. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన పట్టులో కనిపించే మెరుపు అది. తెర రెండు వైపులా వంపు తిరిగి, అంచు ఎక్కడ అయిపోయిందో తెలియకుండా కిందికి దిగిపోతుంది. చేతిలోకి తీసుకోగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పైపింగ్ ఒక్క చోట కూడా ముడత పడకుండా తిప్పిన మెడ చూస్తే ఎట్లా ఉంటుందో అట్లాంటి సంతోషం. ఎవరో ఆ అంచు మీద కూర్చుని మనసు పెట్టి పని చేశారు. ఆ మనిషి పనితనాన్ని నేను ఇప్పటికీ తక్కువ చేయను.

రెండో రోజు నుంచే కష్టాలు మొదలయ్యాయి.

మొదటిది, అది నిలవదు. నా టేబులు మీద ఎప్పుడూ ఏదో ఒక గుడ్డ పరిచి ఉంటుంది. పట్టు మీద, సాటిన్ లైనింగ్ మీద నున్నటి గాజు పెడితే, పక్కన మిషన్ తిరుగుతుంటే ఆ అదురుకే మెల్లగా జరుగుతూ పోతుంది. రెండుసార్లు నా కళ్లముందే అంచు దాకా వచ్చింది. అందుకని పౌచ్ వేశాను. పౌచ్ వేశాక నెమలికంఠం కనిపించదు. నల్ల రబ్బరు కనిపిస్తుంది. ఆ రంగు చూసే కదా ఇంత డబ్బు పెట్టాను అని నాలుగు రోజులు నిజంగా బాధపడ్డాను. ఆ మధ్య కొండకు పోయినప్పుడు, గుళ్లోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు కాబట్టి డిపాజిట్ కౌంటరులో ఇచ్చాం. క్యూలో నా ముందూ వెనకా జనం చేతుల్లో ఉన్న ఫోన్లన్నీ చూశాను. నలుపు, నలుపు, నీళ్ల రంగు ప్లాస్టిక్, మళ్లీ నలుపు. ఇంతమంది ఇంత ఖర్చుపెట్టి కొన్న రంగులన్నీ రెయిన్‌కోటు కింద ఉన్నాయి. ఫోను చేసేవాళ్లకు ఈ సంగతి తెలియకుండా ఉండదు. పెట్టెలోనే ఒక పౌచ్ వేసి ఇస్తున్నారు కదా.

రెండోది ఆ వంపు. ఎడమచేత్తో ఫోను పట్టుకుంటే అరచేతి కండ తెర అంచుకు తగులుతుంది. కొలత ఫొటో పెద్దది చేసి చూస్తున్నప్పుడు అది తగిలి పేజీ జరిగిపోతుంది. ఒకసారి అట్లాగే పక్క పేజీ వచ్చేసింది. 34 ఛాతీకి గుడ్డ కోయాల్సింది, 32 చూసుకుని చాక్ గీసేశాను. కత్తెర పెట్టే ముందు టేపుతో మళ్లీ కొలిచే అలవాటు ఉంది కాబట్టి గుడ్డ బతికింది. కంచిపట్టు జాకెట్టు గుడ్డ అది, మళ్లీ అదే దొరకదు.

మూడోది వెనక కెమెరా ఉబ్బు. ఫోనును బల్ల మీద పెట్టి ఒక మూల తాకితే అది ఇటూ అటూ ఊగుతుంది. ఈ ఉబ్బు ఎందుకని మా పాపను అడిగాను. తను ఇంజినీరింగ్ చదువుతోంది. లెన్సుకూ దాని వెనక ఉండే సెన్సరుకూ మధ్య కొంత దూరం ఉండి తీరాలి, సెన్సరు పెద్దదయ్యేకొద్దీ ఆ దూరమూ పెరగాలి, వెలుతురును మోసం చేయలేం అని చెప్పింది. సరే, ఒప్పుకుంటాను. అప్పుడు ఫోను మొత్తాన్ని ఆ ఉబ్బంత మందం చేసి, మిగిలిన చోటంతా బ్యాటరీ పెట్టొచ్చు కదా? మందంగా ఉంటే షాపులో చేతిలోకి తీసుకున్నప్పుడు బరువనిపిస్తుంది, ప్రకటనలో సన్నగా కనబడదు. నా దగ్గరికీ అట్లాంటి కోరికలు వస్తాయి. "ఫొటోల్లో సన్నగా కనిపించాలక్కా, ఎక్కడా లూజు వద్దు" అంటారు. అట్లా కుడితే నిలబడినప్పుడు బొమ్మకు వేసినట్టుంటుంది. తలంబ్రాలు పొయ్యడానికి చేతులెత్తితే చంక దగ్గర కుట్టు పుట్టుక్కుమంటుంది. అందుకే కొలత తీసుకునేటప్పుడు ప్రతి పెళ్లికూతురి చేత చేతులు పైకెత్తిస్తాను, కిందికి వంగమంటాను, ఊపిరి నిండా పీల్చమంటాను. ఫోనుకు ఆ పరీక్ష ఎవరు పెడుతున్నారో నాకు అర్థం కాదు.

నాలుగోది ఇయర్‌ఫోన్ పెట్టుకునే గుండ్రటి చిల్లు లేకపోవడం. ఐఫోన్ 7తో 2016లో ఆ చిల్లు తీసేశాక మిగతా కంపెనీలూ ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. లోపల చోటు కలిసొస్తుందన్నది వాళ్లు చెప్పే కారణం. నా పనిలో వైరు లేని ఇయర్‌ఫోన్లు నిలవవు. ఒకటి జారి ముక్కల గుడ్డల మూటలో పడితే దొరకడానికి సాయంత్రమవుతుంది. వైరుది పెడదామంటే ఛార్జింగ్ పెట్టే చోటే పెట్టాలి. అంటే పాటలైనా వినాలి, ఛార్జింగైనా పెట్టాలి. ఆ ఒక్క చిల్లులోనే నూగు, చాక్ పొడి చేరి పిన్ను గట్టిగా కూర్చోవడం మానేసింది. మిషన్ బ్రష్‌తో వారానికోసారి శుభ్రం చేసేదాన్ని.

వేలిముద్ర సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. తెర కింద ఉండే సెన్సరు నా బొటనవేలిని మూడింట ఒకసారి గుర్తుపట్టలేదు. సూది గాట్లున్న వేళ్లు, నూనె వేళ్లు, వంట చేసేవాళ్ల వేళ్లు, ఇంకా పొలంలో పనిచేసేవాళ్ల వేళ్లు. ఈ దేశంలో చేతులు చాలావరకు ఇట్లాగే ఉంటాయి.

ఎండ గురించి కాస్త చెప్పాలి. మా షాపు పైకప్పు రేకులు. మే నెలలో, గంగమ్మ జాతర నాటికి, తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పక్కనే ఇస్త్రీపెట్టె. ఫోన్ల కంపెనీల వివరాల్లో చూస్తే, వాడకానికి తగిన వేడి 35 డిగ్రీల లోపు అని రాసి ఉంటుంది. మధ్యాహ్నం పూట పట్టు ఫోను తెర తనంతట తనే మసకబారేది, ఛార్జింగ్ ఆపేసేది. బ్యాటరీని కాపాడుకోవడానికే అట్లా చేస్తుందని తెలుసు, అది మంచిదే. కానీ అంత సన్నటి ఒంట్లో అన్నీ కుక్కితే వేడి పోవడానికి దారి ఎక్కడుంది? లైనింగ్ లేకుండా గుచ్చుకునే వర్క్ జాకెట్టు మే నెల పెళ్లికి వేసుకున్నట్టే ఉంది.

ఇక పడిన రోజు. మాఘమాసం, చేతిలో 40 జాకెట్లు. పౌచ్ సరిగ్గా కూర్చోవడం లేదని తీసి పక్కన పెట్టాను. ఫోను టేబులు మీంచి జారి పడింది. మూడడుగుల ఎత్తు కూడా కాదు. తెర వంపు ఉన్నచోటే తగిలింది. అక్కణ్ణుంచి పగులు మొలిచినట్టు పాకింది. తెర పగలకుండా పైన అతికించే బిళ్ల అద్దం వంపు తెరకు సరిగ్గా అంటదు. బల్లపరుపు తెరకైతే వంద రూపాయల అద్దం చాలు, వంపు తెరకు ప్రత్యేకమైన జిగురు పోసి, లైటు కింద ఆరబెట్టే రకం వేయాలి. అది వేయించినా, అంచు దగ్గర నెల తిరగకుండా లేచిపోయింది.

రిపేరు షాపు అబ్బాయి చూసి, "డిస్‌ప్లే మొత్తం మార్చాలక్కా, 11,800 అవుతాది. పైన అద్దం ఒకటే విడిగా మార్చడానికి కుదరదు, రెండూ అతికించేసి ఉండాది" అన్నాడు.

"బ్యాటరీ కూడా దిగిపోతోంది నాయనా, అదొకటే మారుస్తావా?"

"మారుస్తా గానీ, వెనక గాజు విప్పేటప్పుడు పగిలినా పగలొచ్చు. పగిలితే నన్ననొద్దు."

నేను అక్కడే నిలబడి చూశాను. ఇంకెవరిదో అట్లాంటి ఫోనే విప్పుతున్నాడు. వేడి పలక మీద పెట్టి జిగురు మెత్తబడేదాకా ఉంచాడు. సన్నటి ప్లాస్టిక్ రేకు సందులో దూర్చి, గిటారు వాయించేవాళ్లు పట్టుకుంటారే అట్లాంటి ముక్క, చుట్టూ మెల్లగా లాగాడు. ఊపిరి బిగబట్టి చేస్తున్నాడు. కుట్టు విప్పేటప్పుడు గుడ్డ చిరగకుండా బ్లేడు నడిపే చేతిలాగే ఉంది అతని చెయ్యి. లోపల బ్యాటరీ కూడా అతికించే ఉంది.

అప్పుడు నాకు నా పనిలోని ఒక సంగతి గుర్తొచ్చింది. ఏ జాకెట్టు కుట్టినా పక్క కుట్టు లోపల రెండు వైపులా అంగుళం, అంగుళంన్నర గుడ్డ వదిలేస్తాను. బయటికి కనిపించదు. కుట్టించుకున్నప్పుడు ఎవరూ దాన్ని చూడరు. పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక, ఆ జాకెట్టే తీసుకొచ్చి "బిగుతైపోయిందక్కా" అంటారు. నేను లోపలి కుట్టు విప్పి, వదిలిన గుడ్డలోంచి కొంచెం బయటికిస్తాను. ఇరవై నిమిషాల పని, 40 రూపాయలు. పదేళ్ల కిందటి జాకెట్లు ఇట్లా ఇంకా ఒంటి మీదున్నాయి. లోపలి గుడ్డంతా కత్తిరించేస్తే జాకెట్టు ఇంకా పలచగా, ఇంకా నీటుగా కూర్చుంటుంది. రెడీమేడ్‌లో అట్లాగే చేస్తారు. ఒళ్లు కొంచెం మారిందంటే దాన్ని తీసిపారేయడమే. నా పట్టు ఫోను అట్లా లోపల గుడ్డ వదలకుండా కుట్టింది.

జిగురు ఎందుకు పూస్తారో కూడా తెలుసుకున్నాను. పారిశ్రామికవాడ శ్రీసిటీలో ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి ఒకామె పెళ్లికి నా దగ్గర ఆరు జాకెట్లు కుట్టించుకుంది. షావోమీ మన దేశంలో తయారుచేసిన మొట్టమొదటి ఫోను, రెడ్‌మీ 2 ప్రైమ్, 2015లో బయటికొచ్చింది ఆ శ్రీసిటీ నుంచే. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎంతో మంది ఆడపిల్లలు బస్సులెక్కి పోయి ఇట్లాంటి పనులు చేస్తున్నారు. జిగురు సన్నటి గీతలాగా యంత్రం పూస్తుందని, అది దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా కాపాడుతుందని, మరలు పెడితే వాటికి చోటు కావాలి కాబట్టి మందం పెరుగుతుందని ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. మా ఊరివైపు పిల్లల చేతుల మీదుగా పోయే వస్తువు ఇది. కాబట్టి జిగురు మీద నాకు కోపం లేదు. నవంబరు వానల్లో షాపులోకి నీళ్లొచ్చే వీధి మాది, నీళ్లకు తట్టుకోవడం ఎంత అవసరమో నాకు బాగా తెలుసు.

అయితే నీళ్లకు తట్టుకోవాలంటే విప్పడానికి వీల్లేకుండా చేసి తీరాలా? పాప వెతికి చూపించింది. 2014లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5కు వెనక మూత గోటితో ఊడొస్తుంది, బ్యాటరీ చేత్తో తీసి మార్చుకోవచ్చు. అయినా దానికి ఐపీ67 గుర్తింపు ఉంది, అంటే దుమ్ము చొరదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఫరవాలేదు. మరుసటి ఏడాది ఎస్6 వచ్చింది. ముందూ వెనకా గాజు, మధ్యలో లోహం, చూడముచ్చటైన ఫోను. అందులో ఊడే బ్యాటరీ పోయింది, మెమరీ కార్డు పెట్టే చోటు పోయింది, ఆ నీళ్ల గుర్తింపూ పోయింది. 2016లో ఎస్7లో కార్డు చోటు, నీళ్ల గుర్తింపు తిరిగొచ్చాయి. బ్యాటరీ మాత్రం మళ్లీ చేతికి దొరకలేదు. అంటే ఏది వదలాలి, ఏది ఉంచాలి అన్నది కోసేవాళ్ల చేతిలో ఉంది. గుడ్డ చాలక వదిలింది కాదు.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి దీని మీద గట్టి నిబంధనలు పెట్టారు. బ్యాటరీ 800 సార్లు ఛార్జింగ్ చేశాక కూడా 80 శాతం సత్తా నిలుపుకోవాలి, మోడలు అమ్మడం ఆపేసిన తర్వాత కూడా 7 ఏళ్లు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు, పేరుతో పోర్టల్ తెరిచింది. అది నోటి మాటగా మిగలకుండా, వెనక గాజు పగలకుండా బ్యాటరీ మారే రోజు గాంధీ రోడ్డు దాకా రావాలని కోరుకుంటున్నాను.

పట్టు ఫోనును అట్లాగే డ్రాయరులో పెట్టి కాటన్ ఫోను కొన్నాను. 14,000. దీన్ని చూసి ఎవరూ "కొత్తదా అక్కా?" అని అడగలేదు. వెనక గరుకు ప్లాస్టిక్, తోలులాంటి గీతలు. తెర బల్లపరుపు. పక్కన బటన్ మీదే వేలిముద్ర, అది నా వేలిని దాదాపు ప్రతిసారీ పడుతుంది. పాత చిల్లు ఉంది, వైరు ఇయర్‌ఫోను పెట్టుకుని అదే సమయంలో ఛార్జింగ్ కూడా పెట్టుకుంటున్నాను. కార్డు పెట్టే చోటుంది. పెద్ద బ్యాటరీ, రాత్రి 10 దాకా తడుముకోవాల్సిన పని లేదు. సాటిన్ మీద పెడితే పెట్టినచోటే ఉంటుంది. పౌచ్ అక్కర్లేదు. మూడుసార్లు పడింది, మూలన చిన్న నొక్కు తప్ప ఏమీ కాలేదు.

దీన్ని చూస్తే మా నాన్న నోకియా 1100 గుర్తొస్తుంది. ఆయన చౌల్ట్రీలో వంటమనిషి. 2003లో వచ్చిన ఫోను అది, ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మీటలన్నిటికీ కలిపి ఒకే రబ్బరు రేకు, సందుల్లేవు కాబట్టి శనగపిండి చేతుల్తో నొక్కినా లోపలికి పోదు. పక్కలు గరుకుగా ఉండేవి, చెమట చేతిలోంచి జారదు. నెత్తిన టార్చి. కరెంటు పోతే ఆ వెలుతురులోనే ఆయన పులిహోర కలిపేవాడు. ఆ ఫోను చేసినవాళ్లు మా నాన్నలాంటి చేతుల్ని తలుచుకుని చేశారు. నా దృష్టిలో అది అందమైన ఫోను. ఇప్పటికీ దాచుకున్నాను.

ఇక్కడికి రాయడం ఆపేస్తే, అందం వద్దు, పని ముఖ్యం అని చెప్పినట్టు అయ్యేది. వైశాఖంలో బెంగళూరు నుంచి వచ్చిన ఆర్డరు గురించి చెప్పకపోతే అన్యాయం.

అక్కాచెల్లెళ్లు ముగ్గురికి మూడు జాకెట్లు. వంకాయ రంగు పట్టు. పైపింగ్‌కు, మగ్గం దారానికి నాలుగు రంగులు ఎంచి, కాటన్ ఫోనుతో ఫొటో తీసి పంపాను. "రెండోది సూపర్ అక్కా" అన్నారు. కుట్టి, వర్క్ చేయించి, పార్శిల్ పంపాను. అందిన రోజే ఫోను చేశారు, పైపింగ్ నీలం కొడుతోందని. నేను పంపిన ఫొటో మళ్లీ చూశాను. ఫొటోలో గుడ్డా దారమూ రెండూ ఒకే రకం నీలంగా ఉన్నాయి. వంకాయ రంగును ఆ కెమెరా పట్టుకోలేదు. తెర కూడా ఎదురుగా చూస్తే ఒక రంగు, పక్కనుంచి చూస్తే ఇంకో రంగు చూపిస్తుంది. మూడు జాకెట్ల పైపింగ్ విప్పి మళ్లీ వేశాను. కూలి, కొరియరు కలిపి 2,600 నా చేతి నుంచి పోయింది. అంతకన్నా, పెళ్లి నాలుగు రోజులుందనగా ఆ పిల్లలు పడిన కంగారు నన్ను నిద్రపోనివ్వలేదు.

డ్రాయరులోంచి పగిలిన పట్టు ఫోను తీసి, కిటికీ వెలుతురులో అదే గుడ్డ, అదే దారం ఫొటో తీశాను. పగులు గీతల మధ్యనుంచి కూడా వంకాయ వంకాయలాగే, నీలం నీలంలాగే కనిపించింది. దానిది ఓలెడ్ తెర, అందులో ప్రతి చుక్కా తన వెలుగు తనే ఇస్తుంది, నలుపు కావాలంటే ఆ చుక్క పూర్తిగా ఆరిపోతుంది, అందుకే ముదురు రంగులు అంత నిండుగా కనిపిస్తాయి అని పాప చెప్పింది. షాపులో ఆ తెర చూసి మురిసిపోయింది సోకు అనుకున్నాను. నా పనిలో రంగు సరిగ్గా చూపించడం కొలత సరిగ్గా చూపించడంతో సమానం. నేను తిట్టుకున్న ఆ కెమెరా ఉబ్బు కూడా ఇక్కడ నాకు అన్నం పెట్టే పనే చేస్తోంది. ఆ ఫోనులో నాకు పనికిరానివి గాజు వీపు, వంపు అంచు, సన్నటి ఒళ్లు, అతికించిన బ్యాటరీ. తెర, కెమెరా మాత్రం బంగారం. ఆ రెండూ కావాలంటే మిగతా నాలుగూ కూడా తీసుకోవాల్సిందే అన్నట్టు అమ్మడమే నాకు నచ్చనిది. గరుకు వీపు, బల్లపరుపు అంచు, చిల్లు, కార్డు పెట్టి, ఆ తెరా ఆ కెమెరా ఇస్తే నేను 31,000 కాదు, ఇంకో రెండు వేలు ఎక్కువే ఇస్తాను. నా వెతుకులాటలో నా ధరకు అట్లాంటిది దొరకలేదు. మంచి తెర కావాలంటే గాజు వీపు వైపు తోస్తారు, గట్టి వీపు కావాలంటే చవక తెర చూపిస్తారు.

చేతి సైజు గురించి కూడా ఒక మాట. నా రెండు ఫోన్లూ 6.7 అంగుళాలే. నా బొటనవేలు పై మూలకు అందదు. మొదటి ఐఫోన్ 2007లో 3.5 అంగుళాలు. 2011లో 5.3 అంగుళాల గెలాక్సీ నోట్ వచ్చినప్పుడు ఇంత పెద్దదా అని జనం ఆశ్చర్యపోయారు. ఇప్పుడు అంతకన్నా చిన్నది దొరకడమే కష్టం. 5.4 అంగుళాల ఐఫోన్ మినీ 2020లో ఒకటి, 2021లో ఒకటి వచ్చి, తర్వాతి ఏడాది నుంచి ఆగిపోయాయి. సినిమా చూడ్డానికి పెద్ద తెర బాగుంటుంది, కాదనను. కానీ జాకెట్లలో 30 నుంచి 46 దాకా సైజులు కుడతాం. చేతులకు మాత్రం ఒకటే సైజా?

ఎవరైనా కొనబోతుంటే, షాపులో నేను ఈసారి చేయబోయేది చెప్తాను. పౌచ్ లేకుండా ఫోనును బల్ల మీద పడుకోబెట్టి ఒక్క వేలితో నాలుగు మాటలు టైపు చేస్తాను. ఎడమచేత్తో పట్టుకుని, అదే చేతి బొటనవేలితో ఒక ఫొటో పెద్దది చేస్తాను. వంకాయ రంగు గుడ్డముక్క, రామాగ్రీన్ గుడ్డముక్క సంచిలో తీసుకుపోయి, షాపు బయట వెలుతురులో రెండూ ఫొటో తీసి గుడ్డ పక్కనే తెర పెట్టి చూస్తాను. అక్కణ్ణుంచి నేరుగా రిపేరు షాపు అబ్బాయి దగ్గరికి పోయి, "దీనికి తెర ఎంత, బ్యాటరీ ఎంత, వెనక మూత పగలకుండా వస్తుందా?" అని అడిగాకే డబ్బులు కడతాను. అమ్మేవాళ్లకు కొన్న రోజు ధర ఒక్కటే తెలుస్తుంది. ఆ అబ్బాయికి మిగతా మూడేళ్ల ధర తెలుసు.

ఇప్పుడు కాటన్ ఫోను రోజంతా నా దగ్గర ఉంటుంది. పట్టు ఫోనుకు తెర మార్పించాను, 11,800 పెట్టి. కిటికీ పక్క డ్రాయరులో దారపు బంతుల మధ్య, పాత పట్టు చీర అంచు మడిచి కుట్టిన సంచిలో పెట్టాను. రంగులు చూడాల్సొస్తే బయటికి తీస్తాను. కాటన్ ఫోనుకు మెడలో వేసుకునే తాడు కట్టుకుందామంటే, పాత ఫోన్లకు మూలన ఉండే చిన్న కంత దీనికి లేదు. జేబుల్లేని మాకు ఆ కంత ఎంత ఆసరానో. అందుకని గరుకు కాటన్‌తో ఒక చిన్న సంచి కుట్టి, లోపల అంగుళం గుడ్డ వదిలి, డోరీ తాడు పెట్టుకున్నాను. రేపు ఇంకో సైజు ఫోను వస్తే కుట్టు విప్పి పెద్దది చేసుకోవచ్చు. పక్కింటావిడ చూసి తనకూ ఒకటి కావాలంది. ఇప్పటికి 60 దాకా కుట్టిచ్చాను, ఒక్కోటి 80 రూపాయలు.